వెన్నులోకి ఎక్కించిన మందు

రైల్వే గేటు పడిపోయి, అటూ ఇటూ ఐసు లారీలు ఆగకుండా హారన్లు కొడుతుంటే, స్కూటీని పక్క టీకొట్టు ముందు పడేసి పట్టాలు దాటి పరుగెత్తిన డాక్టర్ వెంకటదుర్గని పోయినవారం మనం నర్సింగ్ హోమ్ మెట్ల మీద వదిలేశాం. ఫోనులో సిస్టర్ పాపాయి ఏడుస్తూ చెప్పింది రెండే ముక్కలు. "మేడమ్, రాణిగారికి ఊపిరందడం లేదండి. చేతులు పడిపోయాయండి." రాణి ఎవరో పరాయి మనిషి కాదు, దుర్గకి సొంత వదిన. తండ్రి పోయాక పేరుపాలెం ఒడ్డున వల లాగి చెల్లెల్ని డాక్టర్ని చేసిన లోవరాజు భార్య.

పురిటినొప్పులు తెలియకుండా నడుంలో సన్నగొట్టం వేసి మందిస్తాననీ, ఏ భయమూ లేదనీ ఇంటిల్లిపాదినీ ఒప్పించింది దుర్గే. గొట్టం వేసిందీ ఆవిడే. కొంచెం మందిచ్చి, నొప్పి తగ్గిందని, కాళ్లు కదులుతున్నాయని చూసుకుని, అప్పుడు పట్టాలకి అవతల ఇంకో సిజేరియన్‌కి మత్తివ్వడానికి వెళ్లింది. భీమవరంలో కోసే డాక్టర్లు వీధికి ఇద్దరుంటే మత్తిచ్చేవాళ్లు దుర్గతో కలిపి ఊరు మొత్తానికి ముగ్గురు. ఈ ముగ్గురూ బొంగరాల్లా తిరగాల్సిందే. వాళ్లు ఇంకోచోట ఉన్నప్పుడు నొప్పులొస్తే, ఉన్న గొట్టమే కదా అని ఆపరేషన్ డాక్టర్లే అందులో ఇంకో డోసు పోసెయ్యడం ఈ ఊళ్లో అలవాటైపోయింది. ఆ అలవాటు తెలుసు కాబట్టే దుర్గ వెళ్తూ వెళ్తూ, "నేనొచ్చేదాకా ఇందులో చుక్క కూడా వెయ్యొద్దు" అని గట్టిగా చెప్పింది. లోవరాజు అనూరాధ నక్షత్రం దాటకుండా బిడ్డ పుట్టాలని ముహూర్తం పెట్టించుకొస్తే, "కాన్పు పంచాంగం చూసుకుని రాదన్నయ్యా" అని నవ్వేసింది కూడా. గుర్తుంది కదా? మర్చిపోయినవాళ్లు ఇప్పుడైనా గుర్తుపెట్టుకోండి, ముందుముందు చాలా అవసరం.

ఇక లోపలికి రండి.

దుర్గ తలుపు తోసేసరికి రాణి బల్లమీద వెల్లకిలా పడి ఉంది. పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి. కళ్లు మూతపడ్డాయి గానీ రెప్పలు సన్నగా అదురుతున్నాయి. ఆ నర్సింగ్ హోమ్ నడిపే, దుర్గ అక్కా అని పిలిచే కాన్పుల డాక్టర్ శ్యామలాంబ ఆక్సిజన్ మాస్కు ముఖానికి అదిమిపట్టి నిలబడింది. ఎప్పుడూ చెదరని ఆవిడ కొప్పు ఊడి భుజం మీద పడింది.

"ఉన్నట్టుండి ఇలా అయిపోయింది దుర్గా. ఏం జరిగిందో ఏమీ అర్థం కావడం లేదు."

దుర్గ వదిన అరచేతిలో తన రెండు వేళ్లు పెట్టింది.

"వదినా, నా వేళ్లు నొక్కు. గట్టిగా నొక్కు."

ఆ చేతిలో పట్టు లేదు. అంతకుముందు ఇదే చెయ్యి నొప్పులకి దుర్గ మణికట్టు పట్టుకుంటే గాజులు గుచ్చుకున్నాయి. ఇప్పుడు తడి తువాలు లాగా జారిపోయింది. నాడి చూస్తే ఒక్కోటీ ఆగి ఆగి కొడుతోంది. బీపీ మిషను అంకె చూపించకుండా మొరాయిస్తోంది. రాణి పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. చెవి దగ్గర పెట్టి వింటే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

అర్థమైపోయింది. నడుం దగ్గర ఆగాల్సిన మందు వెన్ను వెంబడి మెడదాకా ఎక్కేసింది. కాళ్లు, కడుపు, ఛాతీ, చేతులు అన్నీ వరసగా పడిపోయాయి. ఊపిరితిత్తుల్ని ఆడించే కండలు కూడా చచ్చుబడ్డాయి. ఇలాంటప్పుడు మనిషికి చాలాసేపు తెలివి ఉంటుంది. అన్నీ వినబడతాయి. ఒక్క ఊపిరే ఆడదు.

"పాపాయీ, సెలైను పూర్తిగా వదిలెయ్. రెండో చేతికి ఇంకోటి పెట్టు. అక్కా, ఆ దుప్పటి మడతపెట్టి కుడివైపు నడుం కింద దూర్చండి, కడుపు ఎడమకి ఒరగాలి. బిడ్డ బరువు రక్తనాళం మీద పడి గుండెకి రక్తం వెళ్లడం లేదు. కాళ్లు పైకెత్తి పట్టుకోండి."

మాస్కు తను అందుకుంది. మాస్కుకి తగిలించిన గాలిసంచీ నొక్కితే రాణి ఛాతీ లేచింది. హమ్మయ్య, గాలి వెళ్తోంది. ఒక చేత్తో సంచీ నొక్కుతూనే, ఇంకో చేత్తో పాపాయి అందించిన బీపీ పెంచే ఇంజెక్షను ఎక్కించింది. నాడి ఇంకా మందగించింది. గుండెని తట్టిలేపే ఎడ్రినలిన్ అందుకుని ఎక్కించింది. ఆ చుక్క రక్తంలో కలిసి గుండెదాకా వెళ్లేలోపు గదిలో ఎవరూ కదల్లేదు. తర్వాత నాడి తడబడింది, తన్నుకుంది, పరుగందుకుంది.

దుర్గ వంగి రాణి చెవిలో చెప్పింది. "వదినా, నీకు వినబడుతోందని నాకు తెలుసు. నీ బదులు ఊపిరి నేను తీస్తాను. నువ్వు కష్టపడొద్దు. భయపడొద్దు. ఇప్పుడు నిద్రపుచ్చుతాను. లేచేసరికి పక్కన నేనుంటాను."

రాణి కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. దుర్గ నిద్రమందు ఇచ్చి, గొంతులోకి గొట్టం దింపి, సంచీ తగిలించి, "అక్కా, ఇప్పుడు బిడ్డని తియ్యండి. త్వరగా!" అంది.

ఈ విషయంలో శ్యామలాంబని తక్కువ చెయ్యకూడదు. ఆవిడ చెయ్యి మంచి చెయ్యి. కళ్లు మూసి తెరిచేలోపు ఆడపిల్లని బయటికి తీసింది. పిల్ల ముందు నీలంగా, చప్పుడు లేకుండా ఉంది. పాపాయి వీపు రుద్ది, ముక్కు నోరు శుభ్రం చేస్తే అప్పుడు కెవ్వుమంది. ఆ ఏడుపు విని దుర్గ సంచీ నొక్కుతూనే బల్లకి ఆనుకుని నిలబడింది.

పిల్లని గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళ్లిన పాపాయి తిరిగొచ్చి, "మీ అన్నయ్యగారు పుట్టిన టైమెంతని అడిగారండి" అంది.

"వదిన ఎలా ఉందని అడగలేదా?"

"ముందు టైమడిగారండి."

పాపం, కంగారులో ఉన్నాడనుకుంది దుర్గ. పిచ్చిది.

రాణి బీపీ నిలబడ్డాక, కుట్లు వేస్తుండగా, దుర్గ ఒక పని చేసింది. నడుంలో వేసిన సన్నగొట్టం చివరికి ఖాళీ సిరంజి తగిలించి మెల్లిగా వెనక్కి లాగింది. కొబ్బరినీళ్లలాంటి తేటనీరు సిరంజిలోకి వచ్చేసింది. అది వెన్నుపాము చుట్టూ ఉండే నీరు. తను గొట్టం వేసినప్పుడు ఇలాగే లాగి చూస్తే ఏమీ రాలేదు. అంటే రాణి నొప్పులకి అటూ ఇటూ దొర్లినప్పుడు గొట్టం కాస్త లోపలికి జరిగి, ఆ నీటి చుట్టూ ఉన్న పొర దాటేసింది. జరగడం ఎవరి తప్పూ కాదు, ఎంత బాగా అంటించినా ఒక్కోసారి జరుగుతుంది. అందుకే ప్రతి డోసుకీ ముందు లాగి చూడాలి. చూసి, కొంచెం ఇచ్చి, ఆగి, కాళ్లెలా ఉన్నాయో అడిగి, అప్పుడు ఇంకొంచెం ఇవ్వాలి. ఇక్కడెవరో చూడకుండా, ఆగకుండా, ఆపరేషన్‌కి సరిపడా మందు ఒక్కసారిగా పోసేశారు. ట్రేలో పెద్ద సిరంజి ఖాళీగా పడి ఉంది.

దుర్గ దాన్ని చూసింది. పాపాయిని చూసింది. పాపాయి తల వంచుకుంది.

గొంతు గొట్టం ఇంకొంతసేపు ఉంచాలి. పాపాయి చేతికి సంచీ ఇచ్చి, మొహం కడుక్కుందామని దుర్గ వరండా వైపు కిటికీ దగ్గరకొచ్చింది. బయట వాళ్ల మనుషులే ఉన్నారు. పేరుపాలెం నుంచి ఆటోలు కట్టించుకొచ్చిన ఆడవాళ్లు. రాణి తల్లి సుబ్బాయమ్మ గొంతు అందరికంటే పైకి వినబడుతోంది.

"సొంత ఆడపడుచని నమ్మాం కదే! నడుంలో సూదొద్దమ్మా, మేమంతా నొప్పులు పడే కన్నామంటే విందా? ఇప్పుడు మందెక్కువ పోసేసి నా బిడ్డ ప్రాణాలమీదికి తెచ్చింది!"

"దుర్గే ఇచ్చిందని ఎవరు చెప్పారు?" ఎవరో అడిగారు.

"పెద్ద డాక్టరమ్మగారే చెప్పారు. ఆవిడ అబద్ధం చెబుతుందా?"

దుర్గ నేరుగా శ్యామలాంబ గదికి నడిచింది.

శ్యామలాంబ తన గదిలో ఫ్యాను కింద కూర్చుని కాఫీ తాగుతోంది. కొప్పు మళ్లీ చక్కగా ముడేసుకుంది. అయిదేళ్ల కిందట కాకినాడలో చదువు ముగించుకొచ్చిన జాలరిపిల్లకి ఊళ్లో ఎవరూ కేసు ఇవ్వకపోతే, "నా దగ్గర చెయ్యమ్మా" అని పిలిచింది ఈవిడే. తన డబ్బాలో అన్నం సగం ఈ పిల్లకి పెట్టింది ఈవిడే. దుర్గ ఇంట్లో సొంత అక్క లేని లోటు తీర్చుకుంది ఇక్కడే.

"ఆ డోసు ఎవరిచ్చారు?" దుర్గ నిలబడే అడిగింది.

"కూర్చో. కాఫీ తాగు. వణికిపోతున్నావు."

"ఎవరిచ్చారని అడుగుతున్నాను."

శ్యామలాంబ కప్పు కింద పెట్టింది. "నేనే. బిడ్డ గుండె తగ్గింది, నువ్వు లేవు. వెంటనే తియ్యాల్సొచ్చింది. గొట్టం ఉంది కదా అని ఇచ్చాను. ఎన్నిసార్లు ఇవ్వలేదు? ఎప్పుడైనా ఇలా అయిందా?"

"నాకెందుకు ఫోను చెయ్యలేదు?"

"చేశాను. కలవలేదు."

"నా సెల్లులో పాపాయి ఫోను తప్ప ఇంకొకటి లేదు." దుర్గ సెల్లు ఆవిడ ముందు పెట్టింది. "పోనీ, తప్పు జరిగింది, ఎవరికైనా జరుగుతుంది. నేను రాగానే 'ఇంత మందిచ్చాను దుర్గా' అని ఒక్కమాట చెప్పలేకపోయారా? ఏం జరిగిందో తెలీదన్నారు. అక్కడ ఊపిరాడక నీలంగా మారిపోతుంటే, నా ముఖంలోకి చూసి తెలీదన్నారు!"

"భయమేసిందే."

"బయట నేనిచ్చానని చెప్పేటప్పుడు భయమెయ్యలేదా?"

ఆవిడ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, పొరపాటు పడ్డ పిల్లకి నచ్చజెప్పే మెత్తదనం ఉంది. ఆ మెత్తదనమే దుర్గ ఒళ్లు మండించింది.

"చూడమ్మడూ. వాళ్లు నీ మనుషులు. నువ్విచ్చావంటే నాలుగు రోజులు తిట్టుకుంటారు, ఏడుస్తారు, పిల్లకి బారసాల నాటికి మర్చిపోతారు. నేనిచ్చానంటే ఈ అద్దాలు ఉంటాయా? రేపు ఈ మెట్లెక్కి ఏ ఆడమనిషైనా కాన్పుకొస్తుందా? నడుంలో గొట్టం వేసినప్పుడు ఒక్కొక్కరికి మందు పడదని నువ్వే బయటికెళ్లి చెప్పు. సగం నిజమేగా. నీకిది పెద్ద కష్టం కాదు."

"పెద్ద కష్టం కాదా?"

"నేను నీకింత చేశాను. నువ్వు నాకీ ఒక్క పని చెయ్యలేవా?"

అదన్నమాట. అయిదేళ్లు పెట్టిన అన్నం లెక్క ఇవాళ అడిగింది. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే కాబోలు. దుర్గకి ఏడుపొచ్చింది, కానీ ఆవిడ ముందు ఏడవదల్చుకోలేదు.

"చెయ్యలేను మేడమ్," అంది.

ఆ పిలుపు విని శ్యామలాంబ తలెత్తింది. అక్కా అనే పిలుపు ఆ గదిలో ఇక వినబడదని ఆవిడకీ తెలిసిపోయింది.

"నీ ఇష్టం. కానీ ఎవరు నమ్ముతారో చూసుకో," అని కాఫీ అందుకుంది.

నమ్ముతాడు, అన్నయ్య నమ్ముతాడు అనుకుంది దుర్గ నడవాలోకొచ్చి. ఎవరేం చెప్పినా లోవరాజు వాళ్ల మాట నమ్మడు. పదో తరగతిలో తనమీద దొంగతనం మోపితే స్కూలుకొచ్చి, "మా చెల్లెలు తియ్యదండి" అని హెడ్మాస్టరు ముందు తెగేసి చెప్పినవాడు. ఎంసెట్ రాసే రోజు తుఫానుగాలిలో సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లినవాడు. ఇప్పుడు వాడు కంగారులో ఉన్నాడు. వదిన లేచాక పక్కకి పిలిచి జరిగింది చెబితే చాలు, మిగతా ఊరంతటికీ వాడే సమాధానం చెబుతాడు. అంతవరకు ఎవరేమన్నా పడదాం. అలా అనుకోగానే గుండె కాస్త కుదుటపడింది. పాపం, ఆ కాస్త కుదుటపాటూ దక్కనివ్వలేదు దేవుడు.

సాయంకాలానికి మందు దిగింది. ముందు వేళ్లు కదిలాయి, తర్వాత మోచేతులు. రాణి తనంతట తను ఊపిరి తీసుకుంటోంది. కళ్లు తెరిచి, చెప్పినట్టల్లా తలెత్తింది. దుర్గ గొంతులోంచి గొట్టం తీసేసింది. నడుంలో సన్నగొట్టం కూడా జాగ్రత్తగా లాగేసి, పట్టీ వేసింది. కాలి బొటనవేళ్లు కూడా కదులుతున్నాయని చూసి, వెనక్కి వాలి కూర్చుంది. ఇక బతికినట్టే.

"పాప?" రాణి గొంతు గరగరలాడింది.

"బంగారంలా ఉంది. నీ ముక్కే. అన్నయ్య ఎత్తుకున్నాడు."

అన్నయ్య అన్నమాట వినగానే రాణి మొహం తిప్పుకుంది. దుర్గ నొప్పేమో అనుకుని దిండు సర్దబోయింది. రాణి ఆ చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు పట్టు ఉంది.

"దుర్గా, నాకంతా వినబడింది."

"తెలుసు వదినా. ఇక తల్చుకోకు. అయిపోయింది."

"కాదు, నువ్వు రాకముందుది." ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "బిడ్డ గుండె బాగానే ఉందని ఆ డాక్టరమ్మే చెప్పింది. మీ అన్నయ్యే లోపలికొచ్చాడు. అనూరాధ అయిపోతోంది, జ్యేష్ఠ వచ్చేస్తుంది, ఇప్పుడే కోసెయ్యండి అన్నాడు. దుర్గ వచ్చాక చేద్దామంది ఆవిడ. దాన్ని పిలిస్తే వద్దంటుందండీ, మీరే ఇచ్చెయ్యండి, నాది పూచీ అన్నాడు."

మొదటి బిడ్డ జ్యేష్ఠలో పుట్టి నెల తిరక్కుండా పోయినప్పటి నుంచి అన్నయ్యకి ఆ నక్షత్రం పేరెత్తితే భయమని దుర్గకి తెలుసు. భయపడ్డాడు. సరే. భయపడితే ఎవరైనా తప్పు చేస్తారు. దానికి క్షమించొచ్చు. తన చేతిలో వదిన చెయ్యి ఇంకా బిగుసుకుంది.

"ఆ తర్వాత నాకు చేతులు పోయాయి. కళ్లు మూతపడ్డాయి. నాకు తెలివి లేదనుకున్నారు. ఆవిడంది, బయట ఎవరడిగినా మీ చెల్లెలే ఇచ్చిందని చెప్పండి, లేకపోతే మనిద్దరికీ పీకలమీదికొస్తుంది అని."

"అన్నయ్యేమన్నాడు?"

రాణి కళ్లనిండా నీళ్లు. "'సరేనండి' అన్నాడు."

అంతే. వాదించలేదు, ఆలోచించలేదు. "మా చెల్లెలి పేరెందుకండి" అనలేదు. పెళ్లాం ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఆవిడ పక్కనే నిలబడి, చెల్లెల్ని ఎంతో మర్యాదగా అప్పజెప్పేశాడు. దుర్గకి ముందు కోపం రాలేదు. చలేసింది. ఎండాకాలం సాయంత్రం, గదిలో ఫ్యాను కూడా సరిగా తిరగడం లేదు, అయినా ఒళ్లు చల్లబడిపోయింది. ఆ తర్వాతే కోపమొచ్చింది, వస్తూ వస్తూ ఏడుపుని కూడా లాక్కొచ్చింది.

"అడక్కు దుర్గా. గొడవవుతుంది. మా అమ్మకి తెలిస్తే..." రాణి అంటూనే ఉంది. దుర్గ అప్పటికే గుమ్మం దాటింది.

వరండాలో జనం పలచబడ్డారు. సుబ్బాయమ్మ గోడవార కూర్చుని ఉంది. లోవరాజు పాపని ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద ఉన్నాడు. పిల్ల వేలు వాడి బొటనవేలికి చుట్టుకుని ఉంది. చెల్లెల్ని చూడగానే లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

దుర్గ వాడికి ఎదురుగా నిలబడింది. నలుగురి ముందూ అరవాలనే బయల్దేరింది. వాడి మొహం చూశాక అరవలేకపోయింది. ఇంకా వాడికో అవకాశం ఇవ్వాలనిపించింది. ఆ తోడబుట్టిన మమకారం ఎక్కడికి పోతుంది?

"అన్నయ్యా, వదినకి ఆ మందు ఎవరిచ్చారు?"

సుబ్బాయమ్మ లేచి నిలబడింది. నడవా చివర శ్యామలాంబ వచ్చి ఆగింది. లోవరాజు అందర్నీ చూశాడు. ఒక్క చెల్లెల్ని తప్ప.

"అదేంటమ్మా, అలా అడుగుతావు? నువ్వే కదా ఇచ్చావు," అన్నాడు. ఎంత నెమ్మదిగా అన్నాడంటే, జ్వరంలో పలవరించే పిల్లకి చెప్పినట్టు. "ఎవరూ నిన్నేమీ అనరులే. చెయ్యి దాటిపోయింది, ఏం చేస్తాం."

"అన్నయ్యా..."

"ఇంకా అన్నయ్యేంటే!" సుబ్బాయమ్మ మీదికొచ్చింది. "చేసిందంతా చేసి దాని మొగుడి మొహం మీదే అడగడానికి సిగ్గు లేదూ? ఇకనుంచి నా కూతురి గదిలో నువ్వు కాలు పెడితే ఊరుకోను. నీ సూదులూ వద్దు, నీ వైద్యమూ వద్దు!"

"అత్తా, నేను ఇవ్వలేదు. వదినని అడుగు."

"మత్తులో ఉన్న మనిషినా అడిగేది?"

అప్పుడే పాపాయి గదిలోంచి పరుగున వచ్చింది. "మేడమ్, రాణిగారికి నడుంలో విపరీతంగా నొప్పి వస్తోందంటున్నారు. కాలివేళ్లు కదపమంటే కదపలేకపోతున్నారండి. ఇందాక కదిపారు కదా!"

అన్న, అవమానం, అబద్ధం అన్నీ ఒక్క క్షణంలో వెనక్కి పోయాయి. వేళ్లు కదిలాయి, తను కళ్లారా చూసింది. తిరిగొచ్చిన కదలిక మళ్లీ పోయిందంటే, నడుంలో నొప్పి లేచిందంటే దాని అర్థం ఒక్కటే. గొట్టం ఉన్నచోట లోపల రక్తనాళం చిట్లి, కారిన రక్తం గడ్డకట్టి వెన్నుపాముని నొక్కుతోంది.

"తప్పుకోండి, నేను చూడాలి."

సుబ్బాయమ్మ గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపింది.

"కంగారేం లేదమ్మా," శ్యామలాంబ వెనకనుంచి అంది. "ఇంకా మందు మిగిలుంటుంది. తెల్లారేసరికి అదే తగ్గిపోతుంది."

"మందయితే తగ్గుతూ పోవాలి మేడమ్! తగ్గింది మళ్లీ ఎందుకు పెరుగుతుంది? మీరూ చదువుకున్నారు కదా!" దుర్గ జనం వైపు తిరిగింది. "వినండి. వెన్నులో రక్తం గడ్డకడుతోంది. ఇప్పుడే కారెక్కించి రాజమండ్రి తీసుకెళ్లి, స్కాన్ తీయించి, ఆపరేషన్ చేసి ఆ గడ్డ తియ్యాలి. ఆలస్యమైతే కాళ్లు ఇక తిరిగిరావు. వదిన జన్మలో లేచి నడవదు. నన్ను తర్వాత తిట్టండి, కొట్టండి, ఏమైనా చెయ్యండి. ముందు బండి పిలవండి!"

ఎవరూ కదల్లేదు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ప్రాణం మీదికి తెచ్చిన మనిషి మాట విని మళ్లీ ఆపరేషనా అని వాళ్ల చూపుల్లోనే ఉంది. వాళ్లననడానికి ఏముంది? నమ్మినవాళ్లు చెప్పిందే వాళ్లు విన్నారు.

ఆ అబద్ధాన్ని తుడిచేయగల మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఒక్కమాట చాలు. "మందు నా చెల్లెలివ్వలేదు" అంటే చాలు, సుబ్బాయమ్మ చేతులు దిగిపోతాయి. దుర్గ వెళ్లి లోవరాజు కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. చిన్నప్పుడు తప్ప వాడి ముందు అలా కూర్చున్నది లేదు.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. నన్ను నిలబెట్టమని అడగడం లేదు. వదిన కాళ్లు పోతాయి. నీకు తెలుసు నేనివ్వలేదని. ఒక్కసారి చెప్పు. ఒక్కసారి!"

లోవరాజు శ్యామలాంబ వైపు చూశాడు, అత్తగారి వైపు చూశాడు, ఒళ్లో పిల్లని గుండెకి దగ్గరగా పొదువుకున్నాడు. లోపల్నుంచి రాణి కేక వినబడింది, "దుర్గా! దుర్గా, నా కాళ్లు!" అని.

"డాక్టరమ్మగారు చూసుకుంటారులేమ్మా," అన్నాడు నేల చూస్తూ. "నువ్వు ఇంటికెళ్లు."

సుబ్బాయమ్మ లోపలికెళ్లి తలుపు మూసి, గడియ పెట్టింది.